ఆట ఉంటే సరిపోదు, ఆధారమూ ఉండాలి: వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ డిజిటల్ లైబ్రరీపై సమీక్ష

సూపర్ మారియో బ్రదర్స్ జపాన్‌లో 1985 సెప్టెంబర్ 13న విడుదలైంది. ఆ తేదీ మీద ఎవరికీ పేచీ లేదు. అదే ఆట అమెరికా దుకాణాల్లోకి ఏ రోజున వచ్చిందని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. నింటెండో తన ఎన్ఈఎస్ అనే, టీవీకి కలిపి ఆడుకునే ఆటల యంత్రాన్ని 1985 అక్టోబరులో న్యూయార్క్ ప్రాంతంలో ప్రయోగాత్మకంగా అమ్మకానికి పెట్టింది. మారియో ఆ మొదటి రోజే యంత్రంతో కలిసి వచ్చాడా, కొన్ని నెలలు ఆగి వచ్చాడా అన్నదానికి మాత్రం తిరుగులేని రుజువు లేదు. 2012లో ఫ్రాంక్ సిఫాల్డీ అనే పాత్రికేయుడు ఈ ఒక్క తేదీ కోసం పాత ప్రకటనలూ పత్రికలూ గాలించి, చివరికి దీన్ని రుజువు చేయలేకపోతున్నామని ఒక వ్యాసమే రాశారు. కోట్ల ప్రతులు అమ్ముడుపోయిన ఆట అది, ఎక్కడ కావాలన్నా ఆడుకోవచ్చు. దాని పుట్టుక గురించిన కాగితమే దొరకలేదు.

ఆ సిఫాల్డీ నెలకొల్పిన వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2017లో ప్రజల ముందుకు వచ్చింది. కాలిఫోర్నియా కేంద్రంగా పనిచేసే, లాభాపేక్ష లేని సంస్థ ఇది. ఆటలను పోగుచేయడం కంటే ఆటల చుట్టూ పుట్టిన కాగితాలను, చిత్రాలను, ఉత్తరాలను, వీడియో టేపులను కాపాడడమే తన ముఖ్యమైన పని అని మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. ఆ సామగ్రిని 2025 జనవరి 30న డిజిటల్ లైబ్రరీ రూపంలో ఎర్లీ యాక్సెస్ (పని పూర్తికాకముందే వాడకానికి తెరవడం) పేరుతో అందరికీ తెరిచింది. పరిశోధన కోసం నేను దీన్ని చాలా రోజులుగా వాడుతున్నాను. రుసుము లేదు, ఇంటి నుంచే వెతుక్కోవచ్చు. ముద్రణ ఆగిపోయిన పత్రికల సంచికలు 1500కు పైగా, అన్ని రకాల ఫైళ్లూ కలిపి 30,000కు పైగా ప్రారంభంలోనే అందుబాటులో పెట్టారు. ఇంతకు మించిన రాశి ఇంటర్నెట్‌లో వేరేచోట్ల ఉంది కాబట్టి ఈ అంకెలను చూసి నేను దీన్ని మెచ్చుకోవడం లేదు. ఒక పరిశోధకుడు ప్రశ్నతో లోపలికి వెళ్లి ఆధారంతో బయటికి రాగలడా అన్నదే నాకు ముఖ్యం, ఈ సమీక్ష కూడా ఆ ఒక్క కొలతతోనే రాస్తున్నాను.

మారియో తేదీ ఎందుకు తప్పిపోయిందో అర్థమైతే ఈ లైబ్రరీ ఎందుకు అవసరమో అర్థమవుతుంది. 1983లో అమెరికాలో వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలింది. దుకాణాల్లో సరుకు పేరుకుపోయింది, కంపెనీలు మూతపడ్డాయి, వాటి ప్రకటనల డబ్బు మీద బతికే పత్రికలు కూడా ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయాయి. ఆర్నీ కాట్జ్, బిల్ కంకెల్, జాయిస్ వర్లీ కలిసి 1981 చివర మొదలుపెట్టిన ఎలక్ట్రానిక్ గేమ్స్ అనే పత్రిక కూడా 1985లో నిలిచిపోయింది. నింటెండో పవర్ మొదటి సంచిక వచ్చింది 1988లో, ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ, గేమ్‌ప్రో వచ్చింది 1989లో. అంటే నింటెండో అమెరికాలో అడుగుపెట్టి నిలదొక్కుకున్న ఆ రెండు మూడేళ్లూ జరిగినదాన్ని నెలనెలా రాసిపెట్టిన పత్రికలు దాదాపు లేవు. చూసినవాళ్లు ఉన్నారు గానీ రాసినవాళ్లు లేరు. నలభై ఏళ్ల తరువాత చూసినవాళ్ల జ్ఞాపకాలు ఒకదానితో ఒకటి పొసగవు.

ఆ చీకటిలో వెలిగిన ఒక చిన్న దీపం పేరు కంప్యూటర్ ఎంటర్‌టైనర్. మేరీలూ బాడో, సెలెస్ట్ డోలన్ అనే అక్కాచెల్లెళ్లు 1982లో ది వీడియో గేమ్ అప్‌డేట్ అనే పేరుతో దీన్ని మొదలుపెట్టారు. రంగుల అట్టా నిగనిగలాడే కాగితమూ లేని నెలవారీ లేఖ అది. వాళ్లకు తపాలా ద్వారా ఆటలు అమ్మే వ్యాపారం కూడా ఉండేది కాబట్టి ఏ ఆట ఎప్పుడు అందుబాటులోకి వస్తుందన్న సమాచారం వాళ్లకు రోజువారీ అవసరం. వ్యాపారం కుప్పకూలినా ఈ లేఖ ఆగలేదు, 1990 దాకా వచ్చింది. అందుకే ఆ కాలపు విడుదల తేదీల విషయంలో చరిత్రకారులు మొదట చూసేది దీన్నే. ఫౌండేషన్ 2025లో దీని హక్కులను సంపాదించి, మూలం పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, తిరిగి ముద్రించుకోవచ్చు అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద మొత్తం సంచికలను విడుదల చేసింది. లైబ్రరీ చేసిన పనుల్లో నా దృష్టిలో ఇదే అన్నిటికంటే విలువైనది. స్కాన్ చేసి పెట్టడం చాలామంది చేయగలరు. హక్కుదారులను వెతికి పట్టుకుని, మాట్లాడి, రేపు ఎవరూ తీసేయమనే అవకాశం లేకుండా పత్రాన్ని ప్రజల చేతిలో పెట్టడానికి ఓపిక కావాలి, డబ్బు కావాలి, నమ్మకం కూడా కావాలి.

ఇక వెతుకులాట సంగతి. పత్రికలన్నిటిలోని అక్షరాలను ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేర్) ద్వారా గుర్తించి, అన్ని సంచికల్లో ఒకేసారి మాటను వెతికే వీలు కల్పించారు. ఈ సౌకర్యం ఎంత మేలు చేస్తుందో పాత పద్ధతిలో పనిచేసినవాళ్లకే తెలుస్తుంది. ఒక ఆట పేరు ఎక్కడ మొదట కనబడిందో తెలుసుకోవాలంటే వరుసగా ఇరవై ముప్పై సంచికలు పుట పుటా తిరగేసేవాళ్లం. విషయసూచికలో రాని చిన్న వార్త, పాఠకుల ఉత్తరాల మూల ఉన్న ఒక వాక్యం, దుకాణం ధరల పట్టికలోని ఒక్క వరుస కళ్లు అలసిన వేళ జారిపోయేవి. ఇప్పుడు అవే ముందుగా దొరుకుతున్నాయి.

అయితే వెతికేవాడికి ఆ కాలపు మాటలు తెలిసి ఉండాలి. నింటెండో 64 అనే ఆటల యంత్రం గురించి తొలి వార్తలు కావాలనుకుని ఆ పేరే టైపు చేస్తే 1993, 1994 సంచికల్లో ఏమీ కనబడదు. అప్పటికి ఆ పేరు పుట్టలేదు. మొదట దాన్ని ప్రాజెక్ట్ రియాలిటీ అన్నారు, ఆ తరువాత అల్ట్రా 64 అన్నారు. ఆ రెండు మాటలతో వెతికితే అప్పటిదాకా మూసి ఉన్న గది తలుపు తెరుచుకున్నట్టు ఉంటుంది. నింటెండో తరువాతి యంత్రం గేమ్‌క్యూబ్ మొదటి పేరు డాల్ఫిన్. సెగా కంపెనీ యంత్రాన్ని యూరప్‌లో మెగా డ్రైవ్ అంటే ఉత్తర అమెరికాలో జెనిసిస్ అన్నారు. స్టార్ ఫాక్స్ అనే ఆట యూరప్ పెట్టెల మీద స్టార్‌వింగ్ అయింది. 2002లో వచ్చిన స్టార్ ఫాక్స్ అడ్వెంచర్స్ అంతకుముందు డైనోసార్ ప్లానెట్ అనే వేరే ఆట. ఇలాంటి పాత పేర్లను, పని పేర్లను ఇప్పటి పేర్లకు జతచేసి చూపే సూచిక ఒకటి లైబ్రరీలోనే ఉంటే కొత్తగా పరిశోధన మొదలుపెట్టే విద్యార్థికి ఎంతో సాయం అవుతుందని నా అభిప్రాయం. గ్రంథాలయ శాస్త్రంలో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ఆటల చరిత్రకు ఇంకా పూర్తిగా రాలేదు.

ఓసీఆర్ పరిమితులు కూడా చెప్పాలి. వీడియో గేమ్ పత్రికలను యంత్రంతో చదివించడం వార్తాపత్రికలను చదివించినంత తేలిక కాదు. 1990ల పత్రికల రూపకర్తలు ఊదా రంగు నేపథ్యం మీద పసుపు అక్షరాలు వేశారు, పేలుతున్న అంతరిక్ష నౌక బొమ్మ మీదుగా సమీక్షను పరిచారు, శీర్షికలను మంటల ఆకారంలో గీశారు. మనిషి కన్ను కష్టపడి చదువుతుంది, యంత్రం తప్పిపోతుంది. వరుస చివర రెండు ముక్కలైన మాట వెతుకులాటకు చిక్కదు. అందుచేత ఒక మాట దొరకలేదంటే అది ఆ పత్రికల్లో లేదని తేల్చడానికి వీల్లేదు. దొరికినది ఆధారమే, దొరకకపోవడం ఆధారం కాదు. ఈ తేడాను మరిచిపోయి, ఫలానా సంవత్సరానికి ముందు ఈ పదం వాడుకలో లేదని రాసేసిన వ్యాసాలు నేను చూశాను.

స్కానింగ్ నాణ్యత గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కొన్ని సంచికలను నేను సొంతంగా స్కాన్ చేసి చేతులు కాల్చుకున్నాను. ముద్రిత పుటను భూతద్దం కింద పెడితే బొమ్మ కనబడదు. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు గులాబీ రేకుల్లాగా చుట్టుకుని కనబడతాయి. స్కానర్ చుక్కల వరుస ఈ ముద్రణ చుక్కల వరుసతో పడకపోతే బొమ్మ నిండా అలల్లాంటి చారలు వస్తాయి. అంగుళానికి 300 చుక్కల దగ్గర ఆ చారలు తరచుగా ఇబ్బంది పెడతాయి. 600 దగ్గర స్కాన్ చేసి, తరువాత జాగ్రత్తగా పరిమాణం తగ్గిస్తే చాలావరకు పోతాయి. పలుచని కాగితమైతే వెనక పుటలోని అక్షరాలు ముందుకు తేలుతాయి, దానికి పుట వెనక నల్ల కాగితం పెట్టాలి. అన్నిటికంటే కష్టమైనది వెన్ను. జిగురుతో అతికించిన పత్రికను పూర్తిగా విప్పకపోతే రెండు పుటల మధ్య మడతలో మాటలు మునిగిపోతాయి, విప్పితే పత్రిక పుటలు పుటలుగా ఊడుతుంది. ఒక ప్రతిని కోసి స్కాన్ చేయడమా, కోయకుండా కొంత పోగొట్టుకోవడమా అన్నది ప్రతిసారీ మనసు కష్టపెట్టే నిర్ణయమే. ఒకే సంచికకు రెండు ప్రతులు ఉన్నప్పుడే కోతకు ఒప్పుకోవాలని నేను నమ్ముతాను.

ఇంత తంటా ఎందుకు, అక్షరాలు చదవగలిగితే చాలదా అని అడగవచ్చు. చాలదు, దానికి మంచి ఉదాహరణ సోనిక్ ది హెడ్జ్‌హాగ్ 2. 1992 నవంబరులో విడుదలైన ఆ ఆటలో హిడెన్ ప్యాలెస్ అనే దశ (లెవల్) లేదు. కానీ విడుదలకు ముందు వచ్చిన పత్రికల్లో ఆ దశ బొమ్మలు అచ్చయ్యాయి. అప్పట్లో తెరమీది బొమ్మను నేరుగా తీసుకునే పద్ధతి అందరి దగ్గరా లేదు. చీకటి గదిలో టీవీ ఎదుట కెమెరా పెట్టి ఫొటో తీసేవారు, అందుకే ఆ కాలపు బొమ్మల అంచులు కొద్దిగా వంగి, గీతలు గీతలుగా ఉంటాయి. అలా అచ్చయిన అగ్గిపెట్టెంత బొమ్మల్లో మెరిసే రాళ్లు, నీలి గుహ చూసి, కొన్న ఆట ఆడుతున్న పిల్లలు ఆ చోటు కోసం ఏళ్ల తరబడి వెతికారు. అమ్ముడైన కాట్రిడ్జ్ (ఆట ఉండే ప్లాస్టిక్ డబ్బా) ఒక్కటే మిగిలి ఉంటే ఆ దశ గురించిన ప్రశ్నకు పునాది చాలా బలహీనంగా ఉండేది. ఆ దశ ఉండేదని చెప్పిన తొలి సాక్షి పత్రికలోని బొమ్మ. అది మసకగా స్కాన్ అయి ఉంటే సాక్ష్యం కూడా మసకబారేది.

ఇప్పుడు ఈ లైబ్రరీలో అదే కథకు రెండో వైపు కూడా ఉంది. సోనిక్ 2 తయారైన సెగా టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చిత్రకారుడిగా పనిచేసి, హిడెన్ ప్యాలెస్ చిత్రణలో పాలుపంచుకున్న క్రెయిగ్ స్టిట్ తన దగ్గర దాచుకున్న సామగ్రి ఇక్కడ ఒక సేకరణగా ఉంది. పత్రికలో బయటివాళ్లు చూసినది, స్టిట్ సామగ్రిలో లోపలివాళ్లు గీసినది రెండూ ఒకే చోట పక్కపక్కన పెట్టి చూడగలగడం ఇంతకుముందు ఏ పరిశోధకుడికీ ఇంత సులువుగా సాధ్యపడలేదు. ఆ దశ చివరికి 2013లో వచ్చిన మొబైల్ రూపంలో ఆటలో చేరింది. అంతవరకూ దాన్ని సజీవంగా ఉంచినవాటిలో పత్రికల్లోని ఆ చిన్న బొమ్మలు ముఖ్యమైనవి.

స్టిట్ సేకరణ లాంటిదే మార్క్ ఫ్లిట్‌మన్ కాగితాల సేకరణ. ఆయన అక్లెయిమ్, కొనామి, మైండ్‌స్కేప్, మిడ్‌వే వంటి కంపెనీల్లో ఆటల నిర్మాతగా పనిచేశారు. పత్రికలు చెప్పేది ఆట బయటికి వచ్చాక జరిగిన కథ. ఆట తయారవుతున్నప్పుడు ఎవరు ఎవరిని ఏమడిగారు, గడువు ఎందుకు జరిగింది, దేన్ని వదిలేయాల్సి వచ్చింది అన్న లోపలి కథ నిర్మాత బల్లమీది ఉత్తరాలూ ఫ్యాక్సుల్లోనే ఉంటుంది. ఆ కాలపు ఫ్యాక్స్ కాగితం వేడికి నల్లబడే రకం, వెలుతురులో కొన్నేళ్లుంటే అక్షరాలు మాయమవుతాయి. చాలా కంపెనీలు మూతపడినప్పుడు ఇలాంటి కాగితాలు చెత్తబుట్టలోకి పోయాయి. ఒక ఉద్యోగి అట్టపెట్టెలో పెట్టి ఇంటికి తీసుకెళ్లడం వల్లనే ఎన్నో మిగిలాయి.

ఈ సేకరణలను లైబ్రరీ ఒక వ్యక్తి పేరున, ఒక సమూహంగా ఉంచింది. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. అభిమానుల సైట్లలో సాధారణంగా ఆట పేరున సామగ్రిని విడగొడతారు, అంటే ఒకే పెట్టెలోని కాగితాలు పది చోట్లకు చెదిరిపోతాయి. అలా చెదిరితే ఈ ఉత్తరం ఏ ఉత్తరానికి జవాబు, ఈ గీత ఏ సమావేశం తరువాతిది, ఇది ఎవరి చేతిలో నుంచి వచ్చింది అన్న సంబంధం తెగిపోతుంది. మూలం తెలియని పత్రం చూడడానికి అందంగా ఉండవచ్చు గానీ వాదానికి నిలబడదు. పాత దస్తావేజులను కాపాడే వృత్తిలో ఉన్నవారికి ఇది మొదటి పాఠం. ఆటల ప్రపంచంలో ఆ పాఠాన్ని ఇంత పట్టుదలగా పాటించేవాళ్లు తక్కువ.

సియాన్ సంస్థ మిస్ట్ ఆటలను తయారుచేస్తున్నప్పుడు తీసిన వీడియోలు కూడా 100 గంటలకు పైగా ఇక్కడ ఉన్నాయి. నేను చూసింది కొంతే కాబట్టి వాటి మీద తీర్పు చెప్పను. టేపు మీద ఉన్న వీడియో ఏటేటా క్షీణిస్తుంది, దాన్ని ఆడించే యంత్రాలు అంతకంటే త్వరగా అంతరిస్తున్నాయి. ఆలస్యం చేస్తే కాగితం పసుపుపచ్చగా మారుతుంది, టేపు మాత్రం ఖాళీ అయిపోతుంది.

పత్రికలను ఆధారంగా వాడేవారు ఒక జాగ్రత్త తప్పక తీసుకోవాలి, లైబ్రరీ ఎంత బాగున్నా ఇది పాఠకుడి బాధ్యతే. అట్ట మీది నెల ఆ పత్రిక దుకాణానికి వచ్చిన నెల కాదు, లోపలి వ్యాసం రాసిన నెల అసలే కాదు. అమెరికా పత్రికలు అట్ట మీది నెలకు ముందుగానే అమ్మకానికి వచ్చేవి, రాతపని అంతకు కొన్ని వారాల ముందే ముగిసేది. డిసెంబరు సంచికలోని సమీక్షకుడు ఆడింది శరదృతువులో కంపెనీ పంపిన అసంపూర్ణ ప్రతి అయి ఉండవచ్చు. అందుకే డిసెంబరు సంచికలో సమీక్ష ఉంది కాబట్టి ఆట డిసెంబరులో వచ్చిందని రాయడం పొరపాటు. ప్రకటనల్లోని తేదీ ఆశ, సమీక్షలోని తేదీ అంచనా. దుకాణపు రసీదు, తపాలా అమ్మకందారు పట్టిక, ఆనాటి దినపత్రికలో స్థానిక దుకాణం ప్రకటన వంటివి వాస్తవానికి దగ్గరగా ఉంటాయి. కంప్యూటర్ ఎంటర్‌టైనర్‌కు అంత విలువ రావడానికి కారణం కూడా ఇదే.

సమకాలీన కాగితం బలం ఎంతో చెప్పడానికి వీడియో గేమ్ కంపెనీ అటారీ కథ చాలు. అమ్ముడుపోని కాట్రిడ్జ్‌లను అటారీ 1983 సెప్టెంబరులో న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పూడ్చిపెట్టిందని ఆ నెలలోనే దినపత్రికలు రాశాయి. తరువాతి కాలంలో చాలామంది దాన్ని కట్టుకథగా కొట్టిపారేశారు. 2014 ఏప్రిల్‌లో తవ్వితే సుమారు 1300 కాట్రిడ్జ్‌లు బయటపడ్డాయి. ముప్పై ఏళ్ల పాటు జనం వాదించుకున్న ప్రశ్నకు జవాబు మొదటి నెల నుంచీ అచ్చులోనే ఉంది.

కాగితం ఒక్కోసారి ఆటనే వెతికి పెడుతుంది. ఇప్పుడు ఈ లైబ్రరీకి సంచాలకుడిగా ఉన్న ఫిల్ సాల్వడోర్ 2020 మేలో, మాక్సిస్ సంస్థ చెవ్రాన్ చమురు కంపెనీ కోసం తయారుచేసిన సిమ్‌రిఫైనరీ అనే ప్రోగ్రామ్ గురించి సుదీర్ఘమైన పరిశోధన వ్యాసం ప్రచురించారు. అప్పటికి ఆ ప్రోగ్రామ్ ఎక్కడా లేదనే అనుకున్నారు. ఆ వ్యాసం వల్ల విషయం నలుగురి నోళ్లలో నానింది, దాని గురించి ఒక వార్తా సైట్‌లో చదివిన పాఠకుడి ద్వారా ఒక ఫ్లాపీ డిస్కు బయటపడి, మరుసటి నెలలోనే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ భాండాగారానికి చేరింది. దస్తావేజులను సరిగ్గా చదివిన మనిషి ఉన్నాడు కాబట్టే ఆ డిస్కుకు విలువ ఉందని దాన్ని దాచుకున్నవారికి తెలిసింది.

ఈ లైబ్రరీలో లేనిదేమిటంటే ఆటలే. పాత ఆటను ఇక్కడ తెరిచి ఆడి చూసే వీలు లేదు, అది లైబ్రరీ తప్పు కాదు. ఫౌండేషన్ సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ అనే సంస్థతో కలిసి 2023 జులైలో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవు. అలాంటి ఆటలను గ్రంథాలయాలు పరిశోధకులకు దూరం నుంచి చూపించడానికి మినహాయింపు ఇవ్వాలని చేసిన విన్నపాన్ని 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ అధికారులు నిరాకరించారు. పాత ఆటను చూడాలంటే పరిశోధకుడు గ్రంథాలయ భవనానికే వెళ్లాలి. పుస్తకానికీ సినిమాకూ ఉన్న వెసులుబాటు ఆటకు ఎందుకు ఉండకూడదో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు. ఆట గురించి రాసినదంతా ఇంట్లో కూర్చుని చదవగలిగిన పరిశోధకుడు ఆ ఆటను చూడడానికి ఖండాలు దాటాల్సి రావడం చదువుకు జరుగుతున్న నష్టం, దాన్ని సరిదిద్దాల్సింది చట్టమే.

ఇతర చోట్లతో పోలిస్తే దీని స్థానం ఏమిటి? పత్రికల రాశిలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు సాటి లేదు. దాని అండ లేకుండా ఈ రంగంలో ఎవరూ పనిచేయలేరు. కానీ అక్కడ ఎవరైనా ఏదైనా పెట్టవచ్చు కాబట్టి వివరాలు ఒక తీరుగా ఉండవు, ఒకే సంచిక నాలుగు పేర్లతో కనబడవచ్చు. 2016లో నింటెండో పవర్ సంచికలు అక్కడి నుంచి తొలగిపోయాయి, 2024 అక్టోబరు సైబర్ దాడి తరువాత ఆ సైట్ మొత్తం కొన్ని రోజులు అందుబాటులో లేదు. అమెరికాలోని రోచెస్టర్‌లో ఉన్న ఆటల మ్యూజియం ది స్ట్రాంగ్ గ్రంథాలయం సంపద గొప్పది, దాని అసలు రుచి అక్కడికి వెళ్లగలిగినవారికే తెలుస్తుంది. ఒకే చోట ఉన్న ప్రతి ఎప్పటికైనా ప్రమాదమే. 1991లో మొదలైన గేమ్ ఇన్ఫార్మర్ పత్రికను 2024 ఆగస్టు 2న మూసివేసినప్పుడు దాని సైట్‌లోని వ్యాసాలన్నీ ఆ రోజే మాయమై ఒక వీడ్కోలు సందేశం మాత్రం మిగిలింది. 2025 మార్చిలో కొత్త యాజమాన్యం కింద అది తిరిగి రావడం అదృష్టం. ప్రతి పత్రికకూ ఆ అదృష్టం ఉండదు.

లైబ్రరీ మీద నాకున్న పెద్ద కొరత భాషకు సంబంధించినది. ప్రస్తుతం దీని బలమంతా ఇంగ్లిష్ పత్రికలు, అందులోనూ అమెరికా పత్రికలు. ఆటల చరిత్రలో సగానికి సగం జపాన్‌లో జరిగింది. 1986లో మొదలైన ఫామిత్సు వంటి పత్రికలు లేకుండా ఆ సగాన్ని అమెరికా విలేఖరుల కళ్లతోనే చూడాల్సి వస్తుంది. బ్రిటన్, ఫ్రాన్స్, బ్రెజిల్ కంప్యూటర్లకూ ఆటలకూ వాటి సొంత కథలున్నాయి. ఒక అమెరికా సంస్థ అన్నిటినీ మోయాలని నేను అనను. ఇక్కడ మాట దొరికిందని, ప్రపంచంలో ఇదే మొదటిసారని రాసే తొందర మాత్రం పరిశోధకులు మానుకోవాలి.

ఎవరికి పనికొస్తుంది? విడుదల తేదీలు, రద్దయిన ఆటలు, సమీక్షల తీరు, ప్రకటనల భాష, పిల్లల ఆటవస్తువుగా మొదలైన పరిశ్రమ పెద్దలవైపు మళ్లిన క్రమం వంటి విషయాల మీద పనిచేసేవారు మొదట ఇక్కడికే రావాలని చెబుతాను. సరదాకు చిన్ననాటి పత్రిక చూడాలనుకునేవారికి కూడా తలుపు తెరిచే ఉంది, కాని ఈ లైబ్రరీ అసలు శక్తి ప్రశ్నతో వచ్చినవారికే తెలుస్తుంది. ఎర్లీ యాక్సెస్ అన్నారు కాబట్టి కొన్ని పేజీల అమరిక మారుతుంది, కొత్త సేకరణలు చేరతాయి. దేనికైనా ఒకసారి చూసి వదిలేయకుండా కొన్ని నెలలకోసారి అదే ప్రశ్నతో మళ్లీ వెతకడం మంచిది.

చివరిగా ఒక పని పద్ధతి, నా సొంత నష్టం నుంచి నేర్చుకున్నది. కొన్నేళ్ల క్రితం అభిమానులు నడిపే ఒక సైట్‌లోని స్కాన్ల మీద ఆధారపడి పెద్ద వ్యాసం కోసం నోట్సు రాసుకున్నాను. తొందరలో పత్రిక పేరూ సంచికా రాసుకోకుండా లింకులే దాచుకున్నాను. సైట్ మూతపడింది, నా నోట్సులో సగం ఊరూ పేరూ లేని వాక్యాలుగా మిగిలాయి. వాటిలో కొన్నిటి మూలాలు ఈ లైబ్రరీలో మాటలు వెతికి తిరిగి పట్టుకోగలిగాను, కొన్ని ఇప్పటికీ దొరకలేదు. అప్పటి నుంచి ఇక్కడ ఏది చదివినా పత్రిక పేరు, సంపుటి, సంచిక, అట్ట మీది నెల, పుట సంఖ్య, సేకరణ అయితే ఎవరి కాగితాల్లో ఎక్కడ ఉందో ముందు రాసుకుని, లింకును ఆ తరువాతి వరుసలో పెడుతున్నాను.